ఎర్ర కారు, ప్రార్థన నూనె

కోడుమూరు,
జూన్ 10

నా మనవడు క్రాంతికి,

నీ కోసం మోకాళ్ల మీద ఉండే జేజి రాసేది. ఇక్కడ మీ నాయన ఏసేపు, మీ అమ్మ ప్రమీల బాగున్నారు. నేను కూడా బాగున్నానని రాస్తే అబద్ధం అవుతుంది. ఆదివారం నువ్వు ఆ ఎర్ర కారు తెచ్చి చూపించి పోయినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఫోను చేస్తే సరిపోతుంది కదా అంటావు. నా చెవులకు ఫోనులో ఈగల రొద తప్ప ఏమీ వినపడదు. మీ అమ్మ మధ్యలో ఉండి చెబుతానంటుంది. నేను అడిగేది ఒకటి, తను చెప్పేది ఒకటి. అందుకే నేర్చిన నాలుగు అక్షరాలతో నేనే రాస్తున్నాను. నువ్వు కూడా రాసే పంపు. పెద్ద అక్షరాలతో రాయి.

ఇంక కారు సంగతి. మన వీధి మోరీ మీది బండ ఎక్కలేక దాని కడుపు గీసుకుపోయింది కదా, ఆ చప్పుడు నా కడుపులో ఇంకా ఉంది. ఎదురింటి గిడ్డమ్మ వచ్చి, "ఏమక్కా, మీవోడు కారు కొన్న్యాడా, యాక్సిడెంటైన కారును తోలుకొచ్చినాడా? నేల మీద పండుకున్నట్టుండాదే" అని అడిగింది. నేను ఏం చెప్పేది? చివరికి నువ్వు దాన్ని చర్చి ముందే పెట్టి నడిచి వచ్చినావు. ఇంటి ముందుకు రాలేని కారు ఎందుకప్పా?

కొత్తది కూడా కాదంట. బెంగుళూరులో ఎవరో పిల్లవాడు కొని, కిందికి దించి, సైలెన్సరు మార్చి, చక్రాలు మార్చి, ఎన్నెన్నో చేయించుకుని అమ్మినాడని మీ నాయన చెప్పినాడు. అంత ఆశపడి చేయించుకున్నవాడు ఎందుకు అమ్మినాడు? ఆ ఒక్క మాట అడిగినావా? దాని చప్పుడుకు గిడ్డమ్మ బర్రె సాయంత్రం పాలు ఇవ్వలేదంట. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. గిడ్డమ్మ సంగతి చెబుతున్నాను.

అయ్యగారు చర్చి ముందర కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు, స్టీరింగుకు నూనె రాసినారు. అది బాగుంది. కానీ నేను నీ నుదుటికి, అరికాళ్లకు ప్రార్థన నూనె రాయడానికి వస్తే ఏమన్నావు? "జేజీ, జుట్టు పాడయితాది, బూట్లు ఇప్పలేను, ఇడిచిపెట్టు" అన్నావు. మీ జేజినాయన సైకిలు మీద సంతకు పోయినా, మీ నాయన పొలానికి మందు కొట్టడానికి పోయినా, నువ్వు పదో తరగతి పరీక్షలకు పోయినా, ఆ నూనె రాయకుండా నేను ఎవరినీ గడప దాటనివ్వలేదు. నువ్వే మొదటివాడివి వద్దన్నది. నీకు అడ్డం చెప్పలేదు. నువ్వు లోపల ఉగ్గాని తింటున్నప్పుడు నేను చేయవలసింది చేసినానులే. అది నీకు చెప్పే పని లేదు.

అమ్మెయ్యి ఆ కారును. అమ్మకపోతే కనీసం పైకి ఎత్తించు.

నీ జేజి
విశ్వాసమ్మ

*

కడప,
జూన్ 19

జేజికి,

నీ ఉత్తరం అందింది. ముందు నిద్ర పో.

ఆ కారు షికారు కోసం కొనలేదు. నా స్టూడియో కోసం కొన్నాను. ఇప్పుడు పెళ్లికి ముందే జంటలు గండికోటకు పోయి ఫోటోలు, వీడియోలు తీయించుకుంటున్నారు. పెన్న లోయ, కోట గోడ అందరి ఫోటోల్లోనూ ఉంటాయి. నా దగ్గరకే రావాలంటే వేరేవాళ్ల దగ్గర లేనిది ఒకటి నా దగ్గర ఉండాలి. అదే ఈ ఎర్ర కారు. కొత్త స్పోర్ట్స్ కారు కొనే స్తోమత నాకు ఈ జన్మలో రాదు. ఎవరో చేయించి వాడుకున్నదైతే అందింది. ఈ శ్రావణ మాసం పెళ్లిళ్లు కూడా తప్పిపోతే స్టూడియో మూసేసి మళ్లీ ఇంకొకరి కెమెరా మోయాలి.

బెంగుళూరు అతను ఎందుకు అమ్మినాడో అడిగినాను. అతనికి పెళ్లి కుదిరింది. వెనుక సీటు లేని కారులో కూతుర్ని ఎట్లా పంపుతామని అత్తగారు పట్టుబట్టిందంట. అంతే. దయ్యం ఏమీ లేదు.

పైకి ఎత్తించమన్నావు. ఎత్తిస్తే దాని అందం పోతుంది. కింద ఉంటేనే మలుపులో కుదురుగా ఉంటుంది. సీజను అయ్యాక ఇంజినుకు టర్బో బిగించాలి, సీట్లకు ఎర్ర దారం కుట్టించాలి, ముందు దీపాలు మార్చాలి. రాత్రంతా కాగితం మీద బొమ్మలు గీసుకుంటున్నాను. నాకు ఇష్టమైన పని ఇది, జేజీ. కొంచెం అర్థం చేసుకో.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. కోడుమూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బ్రేకు సరిగా పట్టలేదు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేదాకా కీచుమంటూనే ఉంది. కారు కొన్నప్పుడు బ్రేకులు బిగించిన మా మెకానిక్ రంగన్నే మళ్లీ విప్పి చూసి, బ్రేకు పట్టీలకు జిడ్డు అంటిందని కొత్తవి వేసినాడు. నువ్వు భయపడకుండా చెబుతాను విను. ఈ కారు చక్రాల చువ్వల మధ్య నుంచి చూస్తే లోపల తళతళలాడే ఇనుప పళ్లెం కనపడుతుంది. బ్రేకు అంటే అదే. నేను కాలితో తొక్కితే రెండు పట్టీలు ఆ పళ్లేన్ని రెండు వైపులా గట్టిగా పట్టుకుంటాయి, కారు ఆగుతుంది. మన పాత జీపు బ్రేకు కన్నా ఇది ఎంతో మేలు. కాబట్టి బెంగ పెట్టుకోవద్దు.

గిడ్డమ్మకు సారీ చెప్పినానని చెప్పు. ఆమె బర్రెకు కూడా.

క్రాంతి

*

కోడుమూరు,
జూలై 3

నాయనా క్రాంతి,

బెంగ పెట్టుకోవద్దని రాసే ఉత్తరంలోనే బ్రేకు పట్టలేదని రాస్తావా? మీ నాయనకు చదివి వినిపిస్తే, "వాడు పెద్దోడైనాడు, ఊరకుండు" అన్నాడు. మీ అమ్మ స్త్రీల కూడికలో కొడుకు స్పోర్ట్స్ కారు కొన్నాడని అందరికీ చెప్పుకుంటోంది. ఈ ఇంట్లో భయపడే పని నాకు ఒక్కదానికే అప్పగించినారు.

గండికోట నేను చూసినాను. మీ జేజినాయన ఉన్నప్పుడు సంఘం వాళ్లతో బస్సులో పోయినాము. ఆ లోయ అంచుకు పది అడుగుల దూరంలోనే కూర్చున్నాను, ముందుకు పోలేదు. ఆ అంచున నువ్వు కారు పెట్టి, దాని మీద పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి ఫోటో తీస్తావు. ఆ పిల్లకు ఏమన్నా అయితే వాళ్లమ్మకు ఏం చెబుతావు? చక్రాల కింద రాళ్లు పెట్టుకో. చిన్న రాళ్లు కాదు.

నువ్వు టర్బో అంటున్నావు. మీ నాయనను అడిగితే కారు ఇంకా వేగంగా పోతుందని చెప్పినాడు. ఉన్న వేగం చాలదా? నువ్వు దానికి మార్పులు చేయించాలనుకుంటే నేను చెప్పేవి చేయించు. ఒకటి, పైకి ఎత్తించు. రెండు, వెనక సీటు పెట్టించు, అత్తగారి మాట న్యాయమే. మూడు, సైలెన్సరు మామూలుది పెట్టించు. నాలుగోది, పైన మూటలు కట్టుకోవడానికి ఒక కమ్మీ. నవ్వుతావని తెలుసు. నవ్వు.

ఆ ఇనుప పళ్లేల సంగతి విడమరిచి రాసి మంచి పని చేసినావు. బ్రేకు అంటే ఏదో నాకు తెలియక పైపైన పోయినాను. ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని బట్టి చేసుకుంటాను.

నెలాఖరు ఆదివారం మీ నాయన పుట్టినరోజు ప్రార్థన పెట్టుకున్నాము. తప్పకుండా రా. బస్సులో వస్తే సంతోషం. దాంట్లోనే వస్తావని తెలుసు.

నీ జేజి

*

కడప,
ఆగస్టు 1

జేజికి,

అమ్మ నీకు నాలుగింతలు చేసి చెప్పకముందే నేనే రాస్తున్నాను. నాకు దెబ్బలు తగల్లేదు. మళ్లీ చదువు, దెబ్బలు తగల్లేదు.

ఆదివారం భోజనం చేసి బయలుదేరినాను కదా. ఊరు దాటి మొదటి స్పీడు బ్రేకర్ ముందు బ్రేకు తొక్కితే కారు వెన్న మీద నడిచినట్టు జారిపోయింది. ముందర ఆటోలో కూలికి పోయి వస్తున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పించడానికి పక్కకు తిప్పి కంపచెట్లలోకి దింపినాను. ముందు బంపరు పగిలింది, ఒక దీపం పోయింది, ఎర్ర రంగు అంతా ముళ్లతో గీరుకుపోయింది. ఆటోలోని ఒకామె దిగి వచ్చి, "ఎవురప్పా నువ్వు, విశ్వాసమ్మ మనవడివి కదా, ఆ తల్లి ప్రార్థన నిన్ను కాసింది" అని పోయింది.

నీకు అప్పుడు రాయని మాట ఒకటి ఉంది. జూన్‌లో కూడా ఇట్లాగే కోడుమూరు బస్టాండు దాటగానే కారు ఒక బస్సు వెనుక దాకా పోయి ఆగింది. చెయ్యి పట్టేంత సందు మిగిలింది. నువ్వు నిద్రపోవని రాయలేదు.

ప్రొద్దుటూరు పెళ్లివాళ్లు ఈ శనివారం గండికోటకు కారు కావాలన్నారు. పగిలిన బంపరు ఫోటో పంపితే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. సీజనులో నాకు వచ్చిన పెద్ద పని అదే.

కారును లారీ మీద వేయించుకుని రంగన్న దగ్గరకు పోయినాను. విప్పి చూసినాడు. "మళ్లీ జిడ్డే. నూనె కారకుండా ఆపే సీళ్లన్నీ బాగుండాయి. యాడి నుంచి వస్తాందో నాకు అంతు పట్టడంలా అబ్బీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండుసార్లు అతనే బిగించినాడు, రెండుసార్లూ జిడ్డే. అందరి ముందర, "నూనె చేతులతో బ్రేకు బిగించి నా ప్రాణం తీయబోయినావు" అన్నాను. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. అతను గట్టిగా మాట్లాడలేదు. "నా చేతులు కడుక్కోకుండా నేను బ్రేకు ముట్టను. ఈ కారు కడపలో తిరిగినన్ని దినాలు బాగుంటాది. నువ్వు యాడికో పోయి వస్తే జిడ్డు అంటుతాంది. అది చూసుకో" అన్నాడు. తప్పు చేసి నాకే ఎదురు చెప్పినట్టు అనిపించింది. కారు తీసుకుని వేరే షెడ్డులో వేసినాను. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు కూడా అతని దగ్గరకు పోవద్దని చెప్పినాను.

ఇప్పుడు టర్బో లేదు, సీట్లు లేవు. ముందు పెద్ద బ్రేకులు వేయించాలి, పెద్ద పళ్లేలు. ఇష్టంగా చేసుకుందామనుకున్నది ఒకటీ లేదు, అంతా ఈ చిక్కుకే పోతోంది. విసుగు వచ్చేసింది జేజీ.

క్రాంతి

*

కోడుమూరు,
ఆగస్టు 9

నా బంగారు క్రాంతికి,

నీ ఉత్తరం మీ నాయన పొలంలో ఉండగా వచ్చింది. ఒక్కదాన్నే చదువుకున్నాను. దెబ్బలు తగల్లేదు అన్నచోటే వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జూన్‌లో జరిగింది ఇప్పుడు చెబుతావా? ఇంకా ఏమేం దాచినావో అని అన్నీ వెతుక్కుంటున్నాను.

ఆ రంగన్న ఎవరో గానీ వాడికి దేవుని భయం లేదు. నూనె చేతులతో బ్రేకు ముట్టుకుంటాడా? పైగా నువ్వు యాడికి పోయి వస్తున్నావో చూసుకో అంటాడా? మా ఇంటికి వచ్చి పోతే జిడ్డు అంటుతుందా? మంచి పని చేసినావు నలుగురిలో అడిగి. ఇంకెవరూ అట్లాంటి మనిషి వాకిలి తొక్కకూడదు. ఇక్కడ చర్చిలో కూడా చెప్పినాను. కడపలో పిల్లలు ఉన్నవాళ్లు అందరూ విన్నారు.

నువ్వు ఎట్లా బతికినావో తెలుసా? ఇన్నాళ్లు నీకు చెప్పలేదు. నువ్వు నీ నుదుటికి నూనె వద్దన్నావు కదా, ఆ పొద్దు నువ్వు లోపల తింటుంటే నేను చర్చి దగ్గరికి పోయి కారు నాలుగు చక్రాలకు ప్రార్థన నూనె రాసినాను. మనిషికి అరికాళ్లు ఎట్లాగో కారుకు చక్రాలు అట్లాగే అనుకున్నాను. జూన్‌లో చువ్వల పైన పూసి, వేళ్లకు మిగిలింది లోపల తుడిచినాను. అప్పుడు బ్రేకు అంటే ఏదో నాకు తెలియదు. తరువాత నువ్వే రాసినావు కదా, ఆ తళతళలాడే పళ్లేలే బ్రేకు అని. అందుకని ఈసారి మీ నాయన పుట్టినరోజున గుడ్డ ముక్క ముంచి, చువ్వల సందుల్లో చెయ్యి పెట్టి, నాలుగు పళ్లేలకూ రెండు వైపులా కారేటట్టు రాసినాను. ఒక్కొక్క దానికి ఒక్కొక్క కీర్తన చదివినాను. ఆ నూనె లేకపోతే ఆ రంగన్న చేసిన పనికి నువ్వు ఏమైపోయేవాడివో. ఆటోలో ఆమె అన్న మాట వట్టిది కాదు.

ఇంక పెద్ద పళ్లేలు వేయిస్తానంటున్నావు. వేయించు. నేను ప్రతిసారీ కడపకు రాలేను కాబట్టి ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న సీసాలో నూనె పంపుతున్నాను. గండికోటకు పోయే ప్రతిసారి నువ్వే రాసుకో. పళ్లేలకు మరచిపోవద్దు.

నీ జేజి

*

కడప,
ఆగస్టు 21

జేజికి,

సీసా పగలకుండా వచ్చింది. మూత తీసి వాసన చూసినాను. పదో తరగతి పరీక్ష హాలులో నా నుదుటి నుంచి వచ్చిన వాసన. చాలా రోజులకు గుర్తుకు వచ్చింది.

ఒక మాట చెప్పాలి. వచ్చే వారం కారు చక్రాలకు కొత్త రంగు వేయిస్తున్నాను. ఆ రంగుకు నూనె తగిలితే పొట్టులాగా ఊడిపోతుందని రంగు వేసేవాళ్లు చెప్పినారు. కాబట్టి ఇంక చక్రాలకు, పళ్లేలకు రాయవద్దు. నేను ఈసారి వచ్చినప్పుడు నా నుదుటికే రాయి. జుట్టుకు తగిలినా పరవాలేదు. బూట్లు కూడా ఇప్పుతాను.

రంగన్న దగ్గరకు మళ్లీ పోయినాను. తప్పు అతనిది కాదు. నేనే ఒకటి సరిగా చూసుకోలేదు. అప్పుడు షెడ్డులో ఉన్నవాళ్లను పిలిపించి వాళ్ల ముందరే చెప్పినాను. నేను అతని దగ్గరకు పోవద్దన్న స్నేహితులకు కూడా చెప్పినాను. అతను మొదట ముఖం ఎత్తలేదు. తరువాత సంగతి విని కొంచెం నవ్వినాడు. నీ గురించి అడిగినాడు. ఎంత వయసు, ఆరోగ్యం ఎట్లా ఉంటుంది అని.

చర్చిలో అతని గురించి చెప్పిన మాట మాత్రం నువ్వు వెనక్కి తీసుకో జేజీ. ఎందుకని అడగవద్దు. ఊరికే, మంచి మనిషి అని చెప్పు.

పెద్ద పళ్లేలు వేయించడం లేదు. ఉన్నవి చాలు. బ్రేకు ఇప్పుడు బాగా పడుతోంది.

క్రాంతి

*

కోడుమూరు,
సెప్టెంబరు 6

క్రాంతికి,

నువ్వు అబద్ధం రాసేటప్పుడు అక్షరాలు గుండ్రంగా రాస్తావు. చిన్నప్పుడు పలక మీద కూడా అంతే. నీ ఉత్తరంలో రంగు ఊడిపోతుందని రాసినచోట అక్షరాలు ముత్యాల్లాగా ఉన్నాయి.

మూడు సార్లు చదివినాను. రంగన్న తప్పు లేదంటావు, బ్రేకు బాగా పడుతుందంటావు, పళ్లేలకు నూనె రాయవద్దంటావు, ఎందుకని అడగవద్దంటావు. ఎవరినీ అడగలేదు. పశువుల పాక వెనక మీ జేజినాయన సైకిలు ఇంకా ఉంది కదా, దాని దగ్గరకు పోయి నిలబడినాను. ఆయన గొలుసుకు నూనె పెట్టేటప్పుడు చక్రం చుట్టూ ఉండే ఇనుప కమ్మీకి పాత గుడ్డ అడ్డం పెట్టేవాడు. నేను పక్కన నిలబడితే, "కమ్మీకి ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టదే, నేను పోయి వంక నీళ్లలో పడతా" అనేవాడు. ఆయన చెప్పినంతకాలం విన్నాను. సైకిలుకు రబ్బరు ముక్కలు కమ్మీని పట్టుకుంటాయి. నీ కారుకు పట్టీలు పళ్లేన్ని పట్టుకుంటాయి. నువ్వు పెద్ద అక్షరాలతో విడమరిచి రాసినావు. చదివినాను, అర్థమైందనుకున్నాను, గుడ్డ ముంచుకుని పోయినాను.

ఆ ఆటోలో ఆడవాళ్లు ఉన్నారు.

నువ్వు సీసా వాసన ఎందుకు చూసినావో, పట్టీల జిడ్డు ఇదేనా అని చూసినావని, నాకు అప్పుడు తెలిసింది.

అయ్యగారి దగ్గరకు పోయి అంతా చెప్పినాను. ఆయన నూనెది తప్పు కాదమ్మా అన్నారు. నూనెది కాదని నాకూ తెలుసు. నేను అడిగింది నా చేతి సంగతి. మీ అమ్మ, "పోనీలే అత్తా, వాడు బాగుండాడు కదా" అంటుంది. నాకు పోనీలే అనిపించడం లేదు. నీకు ఏదో అవుతుందని భయపడి భయపడి, ఆ భయాన్నే తీసుకుపోయి నీ కారుకు పూసినాను. ఇప్పుడు భయపడాలంటే కూడా భయంగా ఉంది. నూనె సీసా మీ అమ్మకు ఇచ్చి పైన అలమరలో పెట్టించినాను. నాకు అందదు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కూర్చుని ఉన్నప్పుడే లేచి చెప్పినాను. కడప రంగన్న మీద నేను చెప్పింది వట్టి అబద్ధం, జిడ్డు నా చేతిది అని. గిడ్డమ్మ బర్రె సంగతి మరచిపోయి నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడ సరిపోయింది. కానీ ఆ మనిషికి నేను చెప్పలేదు. నువ్వు చెప్పింది నీ మాటకు. నా మాటకు నేనే పోవాలి. అతను నా వయసు ఎందుకు అడిగినాడో నాకు తెలుసు. ముసలిదానికి చెప్పవద్దులే అని ఉంటాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

అందుకని వచ్చే ఆదివారం నువ్వు రా. ఆ ఎర్ర కారులోనే రా. మోరీ బండ దగ్గరకు తేవద్దు, కడుపు గీసుకుంటుంది. చర్చి ముందర పెట్టు, నేను అంత దూరం నడుస్తాను. నీ నుదుటికి, అరికాళ్లకు నూనె రాస్తాను, మీ అమ్మ సీసా దించి ఇస్తుంది. రాసిన వెంటనే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాను, నువ్వే చూడు. తరువాత నన్ను కడపకు తీసుకుపో. రంగన్న షెడ్డుకు. పనివాళ్లు, పని చేయించుకునేవాళ్లు అందరూ ఉన్న వేళకు పోదాం.

దాంట్లో కూర్చోనని ఇన్నాళ్లు అన్నాను. ఓర్వకల్లు దాటేదాకా కళ్లు మూసుకుంటాను. నువ్వు మాత్రం నిదానంగా పోనీ.

టర్బో ఇష్టమైతే పెట్టించుకో. ఎర్ర దారం కుట్టించుకో. పైకి ఎత్తించమని కూడా ఇంక అడగను. కానీ అంత కింద ఉన్న సీటులో నుంచి నేను లేవలేను. అతని ముందర నన్ను నువ్వు ఎత్తి దించితే బాగుండదు. తలుపు పైన పట్టుకుని లేవడానికి ఒక పిడి పెట్టించు. రంగన్ననే బిగించమను. గట్టిగా బిగించమను.

నీ జేజి
విశ్వాసమ్మ